రోజీ నెట్‌లో చేరింది

ఆ శనివారం పొద్దున రోజీ పథకం చాలా చిన్నది. నాయన కరుణాకరం టీ తాగుతూ మంచి ఉషారు మీద ఉన్నప్పుడు, గిద్దలూరులో కొత్తగా పెట్టిన నెట్‌బాల్ క్లబ్బులో చేరతానని అడగాలి. అడగడమే కష్టం. ఎమ్మే అయిన పిల్ల పరీక్షలకు చదువుకోవాలి, లేదంటే కందిచేలో పనికి రావాలి. మూడో పని ఒకటుంటుందని కరుణాకరానికి తెలియదు.

"నాయనా, గిద్దలూరులో నెట్..." అనగానే గిద్దలూరు ఆటో గుమ్మం ముందుకొచ్చి హారన్ కొట్టింది. 'బాల్' ఆ మోతలో కలిసిపోయింది.

"నెట్టా?" కరుణాకరం గ్లాసు కిందపెట్టాడు. "రంగనాయకమ్మక్క కొడుకు నరేష్ రాసింది అదే గదా. ఆ పరీక్ష పాసయ్యే గదా మార్కాపురంలో లెక్చరరయినాడు. పోమ్మా, అడిగేదేముంది?"

రోజీ ఆ తప్పు దిద్దకుండానే గబగబా ఆటో ఎక్కింది. మనసు తీరా ఆడాలని ఉంది మరి.

సాయంత్రానికి కరుణాకరం తాను పనిచేసే చేను యజమానురాలు రంగనాయకమ్మకు సంగతి చెప్పాడు. ఆమె సంతోషించి నరేష్ పాత గైడ్లన్నీ యూరియా సంచిలో వేసి పంపింది. ఆదివారం చర్చిలో పాస్టరుగారు రోజీ పరీక్ష కోసం అందరిచేతా ప్రార్థన చేయించారు. ఇరుగుపొరుగు ఆమెను మేడమ్ అనడం మొదలుపెట్టారు. ఆటకెళ్లి చెమటలు కక్కుతూ వస్తే, తల్లి మగ్దలీనమ్మ "చదివి చదివి ఎట్లయిందో చూడు" అని రెండు గుడ్లు ఉడకబెట్టింది. రోజీ తలెత్తకుండా రెండూ తినేసింది.

కరుణాకరానికి మాత్రం ఒక అనుమానం పట్టుకుంది. పుస్తకం ముట్టకుండా మోకాళ్లు గీరుకుపోయే ఈ చదువు ఏం చదువు? చూసిరావాలని తరువాతి శనివారం వెనక ఆటోలో బయలుదేరాడు.

మైదానంలో ఆడపిల్లలు, వాళ్ల తల్లులు, తండ్రులు గుంపుగా ఉన్నారు. అందరి ఛాతీ మీదా ఇంగ్లీషు అక్షరాలు. రోజీ మీద 'జీకే' అని ఉంది. గైడ్ల మీదా అదే చూశాడు, జనరల్ నాలెడ్జి. ఆయన ప్రాణం కుదుటపడింది.

"మేడమ్, మా పాప జీకేలో ఎట్లుంది?" అని కోచ్ కేథరిన్‌ని అడిగాడు.

"జీకేలో మీ అమ్మాయికి తిరుగులేదన్నా. ఒక్కటి కూడా వదలదు. మీరూ రాండి, ఈరోజు నుంచి ప్రతి శనివారం కుటుంబాలతో కలిపి ఆట. ఒక మనిషి తక్కువున్నారు." ఆమె 'జీఎస్' అని ఉన్న చొక్కా ఆయనకు తొడిగింది.

"నేను ఐదు దాకానే చదివినా మేడమ్."

"ఏం కాదు, క్లబ్బు పెట్టిందే కొత్తోళ్ల కోసం."

ఏం జరుగుతున్నదో తెలిసేలోగా బంతి వచ్చి ఆయన చేతుల్లో పడింది. పట్టుకుని దౌడు తీశాడు. విజిల్ మోగింది.

"బాల్ పట్టుకుని పరిగెత్తకూడదన్నా. నెట్‌బాల్‌లో అది ఫౌలు."

"నెట్... బాలా?" కరుణాకరం బంతిని చూశాడు, స్తంభం మీది వలను చూశాడు, కూతురిని చూశాడు. రోజీ రెండు చేతులతో మొహం కప్పుకుంది. తన ఆట ఇక్కడితో సరి అనుకుంది.

"పరిగెత్తకూడదంటే మరి పట్టుకునేదెందుకు?" అని ఆయన కేథరిన్‌తో వాదనకు దిగాడు. ఆట అయ్యేదాకా వదల్లేదు.

తిరుగు ఆటోలో రోజీయే నోరు విప్పింది. "చెప్దామనే అనుకున్నా నాయనా, భయమేసింది. ఇంక మానుకుంటాలే."

"మానుకుంటే ఎట్ల? చర్చిలో ప్రార్థన చేయించినా, అక్క కాడ బుక్కులు తెచ్చినా. నెట్ మధ్యలో ఇడిసిపెట్టినావంటే నా మొగం యాడ పెట్టుకోవాల? పోతానే ఉండు." కొంతదూరం పోయాక మళ్లీ అన్నాడు. "నాకా జీఎస్ వద్దు, గోల్ షూటరంట. బాల్ ఇసరబోతే అందరూ నన్నే అడ్డుకుంటాండారు. వచ్చే వారం నేనే అడ్డుకుంటా. ఆ జీకే, అదే నీ గోల్ కీపరు, నాకియ్యమని మేడమ్‌కు చెప్పు."

రోజీకి పర్మిషన్ దొరికింది గానీ పొజిషన్ పోయింది.