ఎన్ని వేళ్ళు?

చూపు లేనివాళ్ళ కష్టాలు ఇక ఉండబోవని మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ప్రకటించారు. పదీ యాభై తొమ్మిది దాకా ఉండేవన్నమాట. ఇకనుంచి అంధత్వ ధ్రువపత్రం కోసం ఎవరూ ఆఫీసు మెట్లెక్కనక్కర్లేదట. అంతా పోర్టల్‌లోనే, ఫోన్‌లోనే. అన్న మాట నిలబెట్టుకునే మనిషి కాబట్టి, ఆయన ప్రసంగం పూర్తయ్యేలోపే కింద కౌంటరుకి తాళం పడిపోయింది.

వేదిక మీద మంత్రిగారి పక్క కుర్చీలో టెలిఫోన్ ఆపరేటరు కూర్చుని ఉన్నాడు. అదే శాఖలో ఇరవై రెండేళ్ళుగా లైన్లు కలిపే ఉద్యోగి. పుట్టుకతోనే చూపు లేదు. ఆ పోస్టు చూపు లేనివాళ్ళకే కేటాయించింది కనుక, ఇంకా చూపు రాలేదని ఏటా ధ్రువపత్రం తెచ్చి చూపించాలి. ఏటా డాక్టరుగారు ముఖం ముందు చెయ్యి పెట్టి "ఎన్ని వేళ్ళు?" అనేవారు. "తెలీదండీ" అనేవాడు. డాక్టరుగారు ఓ నిట్టూర్పు విడిచి ముద్ర గుద్దేవారు. ఈ ఏటి గడువు ఆ సాయంత్రం ఐదింటితో సరి. దాటితే ఉద్యోగం గోవిందా. అందుకే డెమో ఇవ్వమని పిలవగానే కిక్కురుమనకుండా వచ్చి కూర్చున్నాడు.

"ఏదీ, మన పోర్టల్ తెరిచి అందరికీ చూపించవయ్యా," అన్నారు మంత్రిగారు.

ఆపరేటరు జేబులోంచి ఫోన్ తీశాడు. తెర నల్లగా ఉంది.

"ఛార్జింగ్ లేదు! ఛార్జరు తెండి!" అని శాఖ డైరెక్టరుగారు కేకేశారు. మూడు వైపుల నుంచి మూడు ఛార్జర్లు పరిగెత్తుకొచ్చాయి.

"ఛార్జింగ్ ఉందండీ. తెర ఆర్పేసి వాడుకుంటాను. నాకెందుకండీ వెలుగు?"

"మాకు కనబడొద్దూ?" అన్నారు డైరెక్టరుగారు నొచ్చుకుని.

తెర వెలిగించి, వేలితో ఒక్క తడుము తడిమాడు. తెర మీద ఉన్నదాన్ని ఫోన్ గడగడా చదివేసింది. హాల్లో ఎవరికీ ముక్క అర్థం కాలేదు.

"ఇదేం భాషయ్యా?" అన్నారు డైరెక్టరుగారు.

"తెలుగేనండీ. స్పీడు పెంచి వింటాను. మామూలుగా వింటే తెల్లారిపోతుందండీ."

"మంత్రిగారి పేరు ఆ స్పీడులో పలకడం మర్యాద కాదు. తగ్గించు."

తగ్గించాడు. ఎవరో మైకు తెచ్చి ఫోన్ దగ్గర పెట్టారు. హాలంతా చెవులు రిక్కించింది. ఫోన్ నిదానంగా, స్పష్టంగా, ఎంతో గౌరవంగా చదివింది: "చిత్రం. మంత్రిగారు, పాత ఫొటో, జుట్టు నల్లగా, పొట్ట తగ్గించినది, ఫైనల్, ఫైనల్ రెండు."

చప్పట్ల కోసం దగ్గరికి తెచ్చిన చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక డైరెక్టరుగారు మెల్లగా నమస్కారంలోకి మార్చేశారు.

"బొమ్మకి వివరణ రాసి పెట్టకపోతే ఇది ఫైలు పేరు చదివేస్తుందండీ," అన్నాడు ఆపరేటరు, ఫోన్ తరఫున క్షమాపణ చెబుతున్నట్టు.

మంత్రిగారు కోప్పడలేదు. పెద్దవాళ్ళు కోప్పడరు, ఆదేశిస్తారు. "మూడింటికల్లా ప్రతి బొమ్మకీ వివరణ ఉండాలి. చూపు లేని నా సోదరులు ఒక్క బొమ్మ కూడా మిస్సవడానికి వీల్లేదు," అన్నారు.

ఆ పని పార్టీ ప్రచార కార్యదర్శికి అప్పగించారు. ఎన్నికల్లో ఆయన వ్యానెక్కి మైకు పట్టుకుంటే మూడు వీధుల అవతల ఉయ్యాల్లో పిల్లలు ఉలిక్కిపడి లేచేవారు. అంతటివాడు పాపం భోజనం కూడా మానేసి రాశాడు.

మూడింటికి ఆపరేటరు మెట్ల కింద తన గదిలో, ఒక చెవికి ఆఫీసు ఫోన్, ఇంకో చెవికి తన ఫోన్ తగిలించుకుని దరఖాస్తు మొదలుపెట్టాడు.

"చిత్రం. పేదల పెన్నిధి మన మంత్రిగారు చిరునవ్వులు చిందిస్తూ కుర్చీలో ఆసీనులైన అపురూప దృశ్యం." వేలు పక్కకి జరిపాడు. "చిత్రం. అదే కుర్చీలోంచి మంత్రిగారు లేస్తున్న అపురూప దృశ్యం." ఇంకా జరిపాడు. "చిత్రం. అడ్డగీత. మంత్రిగారి మనసులా ఏ వంకరా లేనిది."

ఇలాంటివి నలభై. ఆపరేటరు స్పీడు ఎంత పెంచినా పొగడ్త తరగలేదు. మధ్యలో భార్య ఫోన్ చేసింది. ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది.

"అయిందా అండీ?"

"ఎక్కడే? ఇంకా మంత్రిగారు కుర్చీలోంచి లేస్తున్నారు."

"ఆయన లేస్తే మంచిదేగా?"

"వింటారే, పెట్టెయ్."

"ఐదు దాటితే ఏమవుతుందో గుర్తుందా?" కుట్టు మిషను చప్పుడు ఆగిపోయింది.

"గుర్తుండబట్టే కదే, ఇంతసేపూ ఈయన్ని భరిస్తున్నాను."

నాలుగూ నలభైకి చివరి పేజీ వచ్చింది. "దృష్టి పరీక్ష. కింది చిత్రంలో ఎన్ని వేళ్ళున్నాయి? తప్పు జవాబిస్తే దరఖాస్తు రద్దు." ఆపరేటరు ఇంకోసారి విన్నాడు. 'తెలీదు' అనే బటన్ కోసం తెరంతా తడిమాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అంతే. ఇంకేం లేదు. చచ్చాంరా అనుకుంటూ వేలు పైకి జరిపాడు.

"చిత్రం. ప్రజా విజయానికి గుర్తుగా మంత్రిగారు రెండు వేళ్ళు చూపుతున్న అపురూప దృశ్యం."

వేలు అక్కడే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఒక్క ప్రశ్నే అడుగుతున్నారు. మొదటిసారి దానికి జవాబు తెలిసింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. "రెండు!" అని పైకే అని, ఠపీమని నొక్కాడు.

"అభినందనలు. జవాబు సరైనది. మీకు కంటిచూపు ఉన్నట్టు నిర్ధారణ అయింది. దరఖాస్తు ముగిసింది."

గోడలు పట్టుకుని మేడ మీదికి, డైరెక్టరుగారి గదికి పరిగెత్తాడు.

"అయ్యా, పొరపాటు జరిగిందండీ. నాకు కనబడదండీ!"

"జవాబిచ్చిందెవరు?"

"నేనేనండీ."

"సరైన జవాబేనా?"

"సరైనదేనండీ. ఫోన్ చెప్పిందండీ."

"ఫోన్‌కి కళ్ళున్నాయా?"

"లేవండీ."

"నీకూ లేవు, ఫోన్‌కీ లేవు. మరి చూసిందెవరయ్యా?" అని డైరెక్టరుగారు న్యాయంగా అడిగారు. అడిగిన మరుక్షణం ఆయన గొంతు మారిపోయింది. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. "ఆగాగు. మొదటి రోజే ఒకరికి చూపొచ్చింది! అర్జెంటుగా మంత్రిగారికి లైను కలుపు."

ఆపరేటరు మళ్ళీ కిందికి దిగి వెళ్ళి, లైను కలిపాడు. తర్వాత ఒక్కొక్క పత్రికాఫీసుకీ కలిపాడు. ఎక్కడా లైను తెగలేదు. ఆ శాఖలో అంత చక్కగా లైను కలిపేవాడు మరొకడు లేడు.

ఐదింటికి మంత్రిగారు స్వయంగా వచ్చి భుజం మీద చెయ్యేశారు. కెమెరాలు టకటకలాడాయి.

"ఎన్ని వేళ్ళు?" అన్నారు మంత్రిగారు.

"తెలీదండీ."

"చూశారా, ఎంత వినయమో!" అన్నారు మంత్రిగారు గద్గదంగా.

"అయ్యా, నా ఉద్యోగం..."

"నీ ఉద్యోగం సంగతి నేను చూసుకుంటానుగా!"

ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాడు. "మంత్రిగారే చూసుకుంటానన్నారే," అని భార్యకి నాలుగుసార్లు చెప్పాడు. నాలుగుసార్లూ ఆవిడ ఊఁ కొట్టింది.

పొద్దున్నే లేస్తూనే పోర్టల్ తెరిచాడు. నలభై దాటి ఇంకో బొమ్మ చేరింది.

"చిత్రం. మన పోర్టల్ దయవల్ల చూపు పొందిన మాజీ ఆపరేటరు, మంత్రిగారిని కన్నులారా చూసుకుంటున్న అపురూప దృశ్యం."

"ఏమంటోందండీ?" అంది భార్య, మిషను ఆపి.

ఆపరేటరు స్పీడు తగ్గించి మళ్ళీ విన్నాడు. ఇంకా తగ్గించాడు. ఎంత నిదానంగా చదివించినా ఫోన్ 'మాజీ' అనే అంటోంది.