దేవుడి ఉనికిపై మా లిఫ్టు తీర్పు

దేవుడున్నాడా లేడా అన్న ప్రశ్నకు మానవజాతి ఇన్ని యుగాలుగా జవాబు కనుక్కోలేకపోవడానికి కారణం ఒక్కటే. సంతోష్‌నగర్‌లోని మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఇంతకాలం సరిగ్గా పనిచేయడం. పోయిన నెల ఆ అడ్డంకి తొలగింది. లిఫ్టు నాలుగో అంతస్తులో ఆగిపోయింది.

మర్నాడే ఆస్తిక పక్షం ఏర్పడింది. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే లక్ష్మీకాంత్ దానికి అధ్యక్షుడు. "దసరాకు లిఫ్టుకు నిమ్మకాయ కట్టలే. గందుకే గిట్లయింది" అని ప్రకటించాడు. అరగంటలో నాస్తిక పక్షమూ ఏర్పడింది. భీమవరం నుంచి వచ్చి ఇక్కడే ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన వీరరాఘవరావు దానికి అధ్యక్షుడు. "నిమ్మకాయతో మోటారు తిరిగేటట్టయితే మనకి కరెంటు బిల్లెందుకండీ?" అని ఆయన నిలదీశారు. (జవాబుగా వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే బొమ్మలు మస్తుగా వచ్చాయి.)

నాలుగో అంతస్తులో వాసవాంబ అనే పెద్దావిడ ఉంది. మోకాళ్లు అరిగిపోయి మెట్లు దిగలేదు. జహనుమా బస్తీలో ఉండే వాళ్లక్క కమలకు ఆపరేషన్ అయింది, వెళ్లి చూడాలని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.

"మెకానిక్‌ను పిలువుండ్రి, నిమ్మకాయ గూడ కట్టుండ్రి. నాకేం ఫికర్ లేదు బిడ్డా, నన్ను కిందికి దింపుండ్రి" అని పైనుంచి కేకేసింది.

ఇది చాలా ప్రమాదకరమైన సూచన. రెండూ ఒకేసారి చేస్తే లిఫ్టు కదిలాక ఘనత ఎవరిది? అందుకని ఉభయ పక్షాల సంయుక్త సంఘం కూర్చుని నియమాలు రాసింది. మొదటి వారం పూజ మాత్రమే, మెకానిక్ గేటు దాటరాదు. రెండో వారం మెకానిక్ మాత్రమే, లిఫ్టు దరిదాపుల్లో అగరుబత్తి వెలగరాదు. ఆ వారం ఎవరికైనా "అయ్యో దేవుడా" అనాల్సిన అవసరం వస్తే మనసులో అనుకోవాలి. (మనసులో అనుకోవడానికి కూడా వీరరాఘవరావు అసమ్మతి తెలిపారు.)

పూజ బ్రహ్మాండంగా జరిగింది. లిఫ్టు కదల్లేదు. పరీక్ష పెడితే దేవుడు అలుగుతాడని లక్ష్మీకాంత్ వివరణ ఇచ్చాడు. వీరరాఘవరావు ఆనందం పట్టలేక కొబ్బరి ముక్కలు అడిగి మరీ తిన్నారు.

రెండో వారం మెకానిక్ పెంటయ్య వచ్చి ఏదో వైరు మార్చాడు. లిఫ్టు కదిలింది! ఈలలు, చప్పట్లు. అప్పటికే పట్టుచీర కట్టుకుని, అక్క కోసం చేసిన సకినాల డబ్బాతో తలుపు దగ్గర కాచుకుని ఉన్న వాసవాంబ గబుక్కున ఎక్కేసింది. లిఫ్టు కిందికి బయల్దేరింది.

సరిగ్గా అప్పుడు, కింద మా అందరి మధ్య నిలబడ్డ లక్ష్మీకాంత్ ఫోన్ పైకెత్తాడు. అందులో వీడియో ఉంది. "చూడుండ్రి! పని షురూ జేసే ముందు పెంటయ్య పానా కండ్లకు అద్దుకుండు. గది పూజ గాదా? దేవుడు గెల్చిండు!"

పెంటయ్య బిత్తరపోయాడు. "అలవాటన్నా, గంతే. ఏ పనికైనా గట్లనే జేస్త."

"అలవాటు కాదయ్యా, కల్తీ! ప్రయోగం మొత్తం కల్తీ అయిపోయింది. మళ్లీ మొదటినుంచి చెయ్యాల్సిందేనండీ" అన్నారు వీరరాఘవరావు.

కొబ్బరికాయ కొట్టకుండా వచ్చిన గెలుపు తమకూ వద్దని లక్ష్మీకాంత్ ఒప్పుకున్నాడు. మా బిల్డింగు చరిత్రలో ఉభయ పక్షాలకు ఏకాభిప్రాయం కుదరడం అదే మొదటిసారి. నాకైతే కళ్లు చెమర్చాయి.

లిఫ్టు కిందికి వచ్చి తలుపు తెరుచుకుంది. వాసవాంబ ఒక కాలు బయట పెట్టింది.

"అమ్మా, మీరు లోపలే ఉండాలి. చెల్లని లిఫ్టులో చేసిన ప్రయాణం కూడా చెల్లదు" అని వీరరాఘవరావు వినయంగా చెప్పారు.

"ఏంది మీ లొల్లి? నన్ను పోనియ్యుండ్రి! అక్క ఎదురుచూస్తుంటది!"

"గాబరా వడకు పెద్దమ్మా, రేపే మళ్ల పూజ వెడ్తం" అంటూ లక్ష్మీకాంత్ ఆమె కాలు జాగ్రత్తగా లోపలికి పెట్టించి, నాలుగో నంబరు నొక్కాడు. లిఫ్టు పైకి చేరాక, ఆమె దిగాక, పెంటయ్య చేత పాత వైరు మళ్లీ బిగింపజేశారు. లిఫ్టు యథాస్థితికి వచ్చినట్టు ఇద్దరు అధ్యక్షులూ ధ్రువీకరించి, ఒకరికొకరు అభినందనలు తెలుపుకున్నారు.

పైనుంచి వాసవాంబ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "ఇంతకు మీరిద్దరు ఏ ఫ్లోర్ల ఉంటరు?"

ప్రశ్న ఎజెండాలో లేనందున సమావేశం ముగిసింది. అధ్యక్షులిద్దరూ మెట్లెక్కే పని లేకుండానే ఇళ్లకు చేరుకున్నారు.