తండ్రిగారి తరఫున

విద్యాశాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు ఒక చారిత్రక ప్రకటన చేశారు. వారానికి రెండు చారిత్రక ప్రకటనలు చేయడం ఆయనకు అలవాటే గానీ, ఆ వారానికి ఇదే మొదటిది కావడంతో విలేకరులు బాగానే వచ్చారు.

"ఇకమీదట పిల్లలకి ఇల్లే బడి, అమ్మానాన్నలే గురువులు. సబ్జెక్టులు మూడే మూడు. దైవభక్తి, కుటుంబ సంబంధాలు, మాతృభాష. ఈ మూడూ వస్తే మిగతావి వాటంతటవే వస్తాయి."

"లెక్కలు ఎలా వస్తాయి సార్?" అని వెనక వరసలోంచి ఒక విలేకరి అడిగాడు.

"ఇంట్లో ఎంతమందిమో లెక్కపెట్టుకుంటే వస్తాయి" అన్నారు మంత్రిగారు. అందరూ రాసుకున్నారు.

"మీ అమ్మాయి ఏ బళ్లో చదువుతోంది సార్?"

మంత్రిగారు వెనక్కి తిరిగి పీఏ వైపు చూశారు. పీఏ ముందుకు వంగి చెవిలో బడి పేరు చెప్పాడు. ఎందుకైనా మంచిదని తరగతి కూడా చెప్పాడు.

"నాలుగో తరగతి. ఇవాళే మాన్పించేస్తున్నాను. రేపట్నుంచి మా అమ్మాయికి నేనే స్వయంగా చదువు చెప్తాను!"

చప్పట్లు మోగాయి. పీఏ మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో అతను నలుగురు మంత్రుల దగ్గర పనిచేశాడు. మంత్రి నోట 'స్వయంగా' అన్న మాట వచ్చిందంటే ఆ పని ఎవరి నెత్తిన పడుతుందో అతనికి తెలుసు. ఈ మంత్రిగారు అంతకుముందు స్వయంగా రాసిన వ్యాస సంపుటి పుణ్యమా అని పీఏకి మెడనొప్పి పట్టుకుంది, అది ఇప్పటికీ వదల్లేదు.

మర్నాడు పొద్దున్న మంత్రిగారింట్లో తరగతి ప్రారంభమైంది. హాలు మధ్య బల్ల వేశారు. ఒక పక్క మంత్రిగారు, ఇంకో పక్క తొమ్మిదేళ్ల కూతురు. పాపని అందరూ చిట్టి అంటారు. ఫోటోగ్రాఫర్ ఇద్దర్నీ కెమెరా వైపు చూడమన్నాడు, ఇద్దరూ చూశారు. ఆ ఫోటోయే తర్వాత ఊరంతా ఫ్లెక్సీలై వెలిసింది. పాఠం నాలుగు నిమిషాలు సాగింది. ఐదో నిమిషంలో ఫోన్ మోగింది.

కారెక్కుతూ మంత్రిగారు పీఏని పిలిచారు. "ఏమయ్యా, నేను ఊళ్లో లేనప్పుడు పాఠం ఆగకూడదు. నువ్వు చూసుకో."

"ఊళ్లో ఉన్నప్పుడు సార్?"

"ఉన్నప్పుడు కూడా చూసుకో. దానికో ఆర్డర్ కాగితం తయారుచెయ్, సంతకం పెడతా. ఏదైనా పద్ధతి ప్రకారం ఉండాలి."

పద్ధతి పీఏకి ప్రాణం. సాయంత్రానికల్లా ఆర్డర్ తయారుచేశాడు. 'తండ్రిగా నేను నిర్వర్తించవలసిన సమస్త విధులనూ, సంతకాలతో సహా, నా తరఫున నిర్వర్తించుటకు నా వ్యక్తిగత సహాయకునికి ఇందుమూలముగా అధికారమిస్తున్నాను.' మంత్రిగారు దాన్ని రెండుసార్లు చదివి, 'ఇందుమూలముగా' అన్న మాట బాగుందని మెచ్చుకుని సంతకం పెట్టారు. ఒక మనిషి తండ్రి బాధ్యతని ఇంత పకడ్బందీగా నిర్వర్తించడం తన సర్వీసులో ఎన్నడూ చూడలేదని పీఏ అనుకున్నాడు.

తల్లిగారు ఉన్నారు కదా అని మీరు అడగవచ్చు. ఆవిడ కుటుంబ బంధాల ప్రచార సంఘానికి అధ్యక్షురాలు. బిడ్డల దగ్గర తల్లులు ఎంతసేపు గడపాలో వివరించడానికి ఊరూరా తిరుగుతుంటారు. ఇంటికి రావడం పడదు.

దైవభక్తి పీరియడ్ నానమ్మకి అప్పగించారు. నానమ్మ రోజూ పొద్దున్న మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టించి, మనుషుల గురించి నాలుగు మాటలు చెప్పేది. ఆ ఇంట్లో సక్రమంగా నడిచిన పీరియడ్ అదొక్కటే. మాతృభాష పీఏ వాటా. అతనికి తెలిసిన భాష ఒక్కటే కాబట్టి అదే నేర్పాడు. పది రోజులు తిరిగేసరికి చిట్టి 'అన్నం పెట్టు నానమ్మా' అనడం మానేసి 'తమరి తక్షణ పరిశీలనకు మనవి' అనసాగింది.

"ఏం నేర్పిస్తున్నావు నాయనా పిల్లకి?" అని నానమ్మ అడిగింది.

"భాషేనండి."

"ఎవరి భాష?"

పీఏ ఫైలు సర్దుకుని లేచాడు. అది తన పరిధిలో లేని ప్రశ్న.

ఇక కుటుంబ సంబంధాల పీరియడ్. సిలబస్ ప్రకారం తండ్రీ కూతురూ రోజుకు నలభై నిమిషాలు మనసు విప్పి మాట్లాడుకోవాలి. దానికో రిజిస్టరు ఉంది. పీఏ రోజూ మూడున్నరకి వచ్చి, చిట్టికి ఎదురుగా కూర్చుని, తండ్రి అనే గడిలో 'తరఫున' అని సంతకం పెట్టేవాడు. తర్వాత ఇద్దరూ గోడగడియారం వైపు చూసేవారు.

"ఏదైనా మాట్లాడు తల్లీ" అన్నాడు ఒకరోజు, రిజిస్టర్లో 'చర్చించిన విషయం' అనే గడి ఖాళీగా ఉండటం చూసి.

"నన్ను మళ్లీ బడికి పంపించండి మామయ్యా."

"అది కుదరదమ్మా. మీ నాన్నగారు పేపర్లవాళ్ల ముందు చెప్పేశారు."

"ఇంట్లో నానమ్మ తప్ప నాతో మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు మామయ్యా. బళ్లో నా పక్క బెంచీ అమ్మాయికి ఒక కథ చెప్తున్నాను. సగంలో ఉంది. రాజుగారి ఏనుగు తప్పిపోయింది. తర్వాత ఏమైందో దానికి తెలీదు కదా."

"ఏమైంది?" అని పీఏ అడిగాడు.

"మీకు చెప్పను. దానికే చెప్తాను."

ఆ పూట పీఏ గడిలో 'ఏనుగు' అని రాశాడు. రాశాక అతనికి ఎందుకో బెంగ పట్టుకుంది. మూడేళ్లలో రిటైరవ్వాల్సిన మనిషి, అంతవరకు ఏ కాగితం విషయంలోనూ బెంగపడినవాడు కాదు.

వారం తర్వాత చిట్టి రిజిస్టర్లోంచి ఆర్డర్ నకలు తీసి అతని ముందు పెట్టింది. అతను నేర్పిన చదువే, అక్షరం పొల్లుపోకుండా చదివింది. "సమస్త విధులు అన్నారు కదా మామయ్యా. సంతకాలతో సహా అన్నారు. నన్ను బళ్లో చేర్పించడం కూడా నాన్న చెయ్యాల్సిన పనే కదా?"

పీఏ ఆర్డర్‌ని ముందు నుంచీ వెనక నుంచీ చదివాడు. రాసింది తనే. తప్పించుకునే సందు వదలకుండా రాశాడు. సాయం కోసం నానమ్మ వైపు చూశాడు.

"అబద్ధం ఆడొద్దని పిల్లకి రోజూ చెప్తున్నాను నాయనా" అంది నానమ్మ. "నువ్వేమో ఎదురుగా కూర్చుని రోజూ రిజిస్టరు రాస్తున్నావు. ఆ సంతకాలేవో ఒక్కసారి పనికొచ్చేవి పెట్టు."

ప్రకటన వచ్చింది గానీ బళ్లింకా మూతపడలేదు. మర్నాడు పీఏ బడికి వెళ్లి తండ్రిగారి తరఫున దరఖాస్తు మీద సంతకం పెట్టాడు. హెడ్మాస్టరమ్మ ఆర్డర్ మూడుసార్లు చదివి ముద్ర వేసింది. పైనుంచి వచ్చిన కాగితాన్ని ప్రశ్నించే అలవాటు ఆవిడకి లేదు. చిట్టి యూనిఫాం వేసుకుని, నానమ్మ చెయ్యి పట్టుకుని, పెరటి గేటులోంచి బడికి వెళ్లింది. ఏనుగు దొరికింది.

అలా నాలుగు నెలలు గడిచాయి. ఇంట్లో పాప లేదన్న సంగతి తండ్రిగారు కనిపెట్టలేదు. ఆయనకి కూతురి చదువు మీద ఎంతో గౌరవం. ఒకరోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి, "పాపేదయ్యా?" అని అడిగారు.

"చదువుకుంటోంది సార్" అన్నాడు పీఏ. అది అబద్ధం కాదు.

"అయితే డిస్టర్బ్ చెయ్యొద్దు" అని మంత్రిగారు చెప్పులు విప్పేసి, మూసి ఉన్న ఆ ఖాళీ గది ముందు నుంచి మునివేళ్ల మీద నడుచుకుంటూ వెళ్లారు. వంటావిడ కళ్లు తుడుచుకుంది. ఇంతటి తండ్రి ఎవరికి దొరుకుతాడని ఆవిడ ఉద్దేశం.

నెలాఖరుకి 'ఆదర్శ గృహ గురువు' పురస్కారానికి నివేదిక పంపాల్సి వచ్చింది. పీఏ రిజిస్టర్లన్నీ ముందేసుకుని అరవై పేజీలు రాశాడు. మంత్రిగారు కార్లో దాన్ని చదువుతూ మధ్యలో ఆగి, "ఇంత చేశానా నేను?" అన్నారు.

"చేశారు సార్."

"ఒక్కరోజు కూడా నాగా లేదా?"

"లేదు సార్. ఆదివారాలు కూడా చేశారు."

పురస్కారం ఆయనకే వచ్చింది. ఆ ఊపులో రెండో దశ ప్రకటించారు. స్వయంగా ఒక బడికి వెళ్లి, అక్కడి పిల్లల్ని ఇళ్లకి సాగనంపి, గేటుకి తాళం వేస్తారట. పీఏ పధ్నాలుగు బళ్ల జాబితా ఇచ్చాడు. అన్నీ దూరంగా ఉన్నవే. మంత్రిగారు జాబితా పక్కన పడేసి, "మనింటికి దగ్గర్లో ఏదో ఉండాలే, అక్కడికి పోదాం. మధ్యాహ్నానికి ఇంకో మీటింగుంది" అన్నారు.

పీఏ పరుగున చిట్టి దగ్గరికి వెళ్లాడు. "రేపొక్కరోజు బడి మానెయ్ తల్లీ. మీ నాన్నగారు చూశారంటే నా ఉద్యోగం ఊడుతుంది, నీ బడి కూడా పోతుంది."

"కుదరదు మామయ్యా. స్వాగతం చెప్పేది నేనే. అందరికంటే బాగా మాట్లాడతానని టీచర్ నన్నే పెట్టింది."

"చూస్తే తిడతారమ్మా!"

"తిట్టాలంటే చూడాలి కదా" అంది చిట్టి. ఆ మాట అంటున్నప్పుడు దాని మొహంలో భయం లేదు, ఆశ ఉంది. పీఏ దాని తల నిమిరి వచ్చేశాడు.

మర్నాడు బడి ఆవరణలో ఫ్లెక్సీ కట్టారు. మంత్రిగారు, పక్కన కూతురు, ఇద్దరూ నవ్వుతూ. పిల్లలు వరసగా నిలబడ్డారు. పీఏ స్తంభం చాటున నిలబడి, పెన్షను మీద ఆశ వదులుకుని, తనకి తెలిసిన దేవుళ్లందర్నీ తలుచుకున్నాడు. చిట్టి ముందుకు వచ్చి తండ్రికి పువ్వు ఇచ్చింది. మంత్రిగారు పువ్వు తీసుకుని, పిల్ల భుజం మీద చెయ్యి వేసి, కెమెరా వైపు తిరిగారు.

"కుటుంబం గురించి రెండు ముక్కలు చెప్పమ్మా."

చిట్టి మైకు అందుకుంది. కాగితం లేదు. పీఏ నేర్పిన మాట ఒక్కటి కూడా వాడలేదు.

"మా నాన్న చాలా పెద్ద పనిలో ఉంటారండీ. నాన్నలందరూ పిల్లలతో రోజూ మాట్లాడేలా చూడటమే ఆయన పని. అందుకని నాతో మాట్లాడటానికి ఆయనకి ఖాళీ ఉండదు. నాకు కోపమేం లేదు. రోజూ పొద్దున్నే నానమ్మా నేనూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటాం, నాన్నకి తొందరగా పని అయిపోవాలని."

ఫోటోగ్రాఫర్ కెమెరా దించి ఫ్లెక్సీ వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు, పీఏ వైపు చూశాడు. హెడ్మాస్టరమ్మ నేల చూపులు చూస్తోంది. చిట్టి తలెత్తి తండ్రి మొహంలోకి చూస్తూ నిలబడింది. మంత్రిగారు జేబురుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నారు, దాని బుగ్గ మీద చిటికె వేశారు.

"శభాష్! నీ పేరేంటమ్మా?"

చిట్టి చెప్పింది. పెదాలు కదిలాయి గానీ మాట పైకి వినబడలేదు. మంత్రిగారు "చాలా మంచి పేరు" అని, పక్క పిల్ల దగ్గరికి వెళ్లారు. చిట్టి ఇంకాసేపు అక్కడే నిలబడి, తర్వాత వరసలోకి వెళ్లిపోయింది. పక్క బెంచీ అమ్మాయి దాని చెయ్యి పట్టుకుంది.

పీఏ ఉద్యోగం నిలబడింది. నిలబడినందుకు ముందు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు, తర్వాత ఆ పీల్చుకున్న ఊపిరికి సిగ్గుపడ్డాడు. ఇరవై ఆరేళ్లలో అతను సిగ్గుపడటం అదే మొదలు.

గేటుకి తాళం వేసే కార్యక్రమం, సమయం చాలక, వాయిదా పడింది. కారు కదిలాక కూడా మంత్రిగారి కళ్లు ఆరలేదు.

"చూశావటయ్యా ఆ పిల్లని? భక్తి ఉంది, కుటుంబమంటే ప్రేముంది, భాష చూస్తే ముత్యాలే. మనం పురస్కారాలు అనర్హులకి ఇచ్చుకుంటున్నామయ్యా."

"సార్."

"అలాంటి పిల్లని కని, రోజూ పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడకుండా ఉన్నాడంటే వాడు మనిషా? వాడెవడో కనుక్కో. రేపు పొద్దున్న పది గంటలకి వాడు నా ముందుండాలి."

"అలాగే సార్" అని పీఏ డైరీ తెరిచి, పది గంటల దగ్గర రాసుకున్నాడు.