బేతనియా కాలనీ నూరు శాతం

ములకలపల్లి అవతల వాగు దాటి, అడవిలో నాలుగు కిలోమీటర్లు నడిస్తే వచ్చే బేతనియా కాలనీ మొన్నటి అసెంబ్లీ ఎన్నికల్లో నూరు శాతం పోలింగ్ సాధించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఉన్నవి నూట ఎనభై ఆరు ఓట్లు. నూట ఎనభై ఆరూ పడ్డాయి. సెలవిచ్చినా మంచం దిగని పట్నపు విద్యావంతులు సిగ్గుపడాలి.

ఈ కాలనీ మొగ్గు ఏ పార్టీ వైపో చెప్పడం ఎవరి తరమూ కాదు. అభ్యర్థులు నలుగురు. వారానికొకరు చొప్పున నలుగురూ ఆదివారం ఆరాధనకు వచ్చారు. సంఘపెద్ద ఎబినేజర్ ప్రతివాడి నెత్తిన చెయ్యి పెట్టి, ఈ బిడ్డనే గెలిపించు ప్రభువా అని ఒకే ప్రార్థన చేశాడు. సంఘం నాలుగుసార్లూ అంతే గట్టిగా ఆమెన్ అంది. ఆ చిక్కుముడి విప్పే పని దేవుడికి వదిలేసి, నాలుగు కండువాలూ మడిచి పెట్టెలో పెట్టుకుంది.

పోలింగ్ నాడు పదకొండు గంటలకల్లా నూట ఎనభై ఐదు ఓట్లు పడ్డాయి. మిగిలింది విశ్రాంతమ్మది. ఆమెకు షుగర్. కాలి పుండు ముదిరి పాదం నల్లబడింది, మూడు రోజులుగా జ్వరం. కోడలు హెప్సిబా ఆ మూడు రోజులూ గడపగడపకూ తిరిగి, అత్తను రోడ్డుదాకా మోయమని బతిమాలింది. వాగులో నీళ్లున్నాయన్నారు. ప్రచారముందన్నారు. భుజాలు నొప్పన్నారు. నూరు శాతం చేసిన ఊరి పెద్దకు మండలంలో శాలువా కప్పుతారని తెలిశాక వాగు తగ్గింది, భుజాలూ నయమయ్యాయి. నాలుగు పార్టీల వాళ్లనూ వెంటేసుకుని ఎబినేజర్ ఆమె ఇంటికి పరుగెత్తాడు.

విశ్రాంతమ్మ తెలివితక్కువది కాదు.

"ముందుగాల దవాఖానకు తీస్కపోండ్రి, అటెంక ఓటేస్త. ఏలికి సిరా అంటినంక నా దిక్కు ఎవరు జూస్తరు?" అంది.

ఎబినేజర్ చాలా నొచ్చుకున్నాడు. "గట్లంటవేందక్కా? ఓటు పవిత్రమైన బాధ్యత. బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్తున్న, నువ్వు పోలింగ్ బూతు నుంచి బయటికొచ్చేసరికి జీపు తయారుంటది. సీదా దవాఖానకే."

బైబిలు మీద చెయ్యి చూసి పాపం ఆమె ఒప్పుకుంది.

ఆమెను మంచంతో సహా వాగు దాటించి, రోడ్డు పక్కనున్న బూతుకు మోయాలి. మంచానికి మూలలు నాలుగు, పార్టీలు నాలుగు. లెక్క సరిపోయింది. కానీ ఈ సంఘంలో శవపేటిక మోసేటప్పుడు తలవైపు పెద్దలు, కాళ్లవైపు చిన్నవాళ్లు పట్టడం ఆచారం. కాళ్లవైపు పడితే తమ పార్టీ చిన్నదని ఒప్పుకున్నట్టేనని అందరూ మొండికేశారు. బతికున్న మనిషికి చావు ఆచారమేమిటని ఒక్కడికీ తట్టలేదు. గంటన్నర చర్చించి, రెండు వందల అడుగులకోసారి మూలలు మారాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. మారిన ప్రతిసారీ మంచం దించారు, ఎత్తారు. ఆమె మూలుగుతూనే ఉంది.

సాయంత్రం నాలుగింటికి ఓటు పడింది. సిరా వేలితో ఆమెను కూర్చోబెట్టి ఫోటో దిగారు. అంతలో పక్క ఊళ్లో ఇంకా ఇరవై మూడు ఓట్లున్నాయని కబురొచ్చింది. నాలుగు జీపులూ అటు ఉరికాయి. ఆ ఫోటో తీసిన ఫోనుతోనే అంబులెన్సును పిలవమని హెప్సిబా కాళ్లావేళ్లా పడింది. బూతు దగ్గర ఫోను వాడడం నేరమని ఎబినేజర్ చట్టం చెప్పాడు.

చివరికి ఖమ్మం నుంచి మేకల బేరానికొచ్చిన సలీం తన ట్రాలీ ఆటో ఖాళీ చేసి, అత్తాకోడళ్లను ఎక్కించుకుపోయాడు. ఈ సలీం ఆ రోజు ఓటే వేయలేదు. ఇలాంటి బాధ్యత లేని పౌరుల వల్లే దేశం వెనకబడుతోంది.

పొద్దున్నే తెచ్చుంటే కాలు దక్కేదని డాక్టరు అన్నాడు. మోకాలి దాకా తీసేశారు.

కాలనీలో కృతజ్ఞతా కూడిక ఘనంగా జరిగింది. శాలువా కప్పుకుని ఎబినేజర్ సాక్ష్యం చెప్పాడు. "మన అక్క కాలు పోగొట్టుకున్నది గానీ ఓటు పోగొట్టుకోలే." అందరూ ఆమెన్ అన్నారు.

తర్వాత ఒక అధికారి వచ్చి విశ్రాంతమ్మ పేరు దివ్యాంగుల జాబితాలో రాసుకున్నాడు. ఇకపై ఆమె బూతుకు రానక్కర్లేదు, సిబ్బందే వాగు దాటి ఇంటికొచ్చి ఓటు వేయించుకుంటారని శుభవార్త చెప్పాడు.

"గా వచ్చేటోళ్ల ఎంట ఒక డాక్టరు గూడ వస్తడా సారూ?" అని ఆమె అడిగింది.

అలాంటి నిబంధన లేదని ఆయన మర్యాదగా చెప్పాడు. నిజమే మరి. శాతం తగ్గితే పేపర్లో చదివి మనందరికీ తలవంపులు గానీ, కాళ్లు తగ్గితే ఎవరికేం?