పార్వతి జ్యువెలర్స్ వారి బంగారు పిల్లి

ప్రొద్దుటూరులో బంగారం వ్యాపారం చేసేవాడు పొద్దున్నే కళ్లు తెరిచి మొదట చూసేది దేవుడి పటాన్ని అని చెప్పుకుంటారు. అబద్ధం. మొదట చూసేది ఫోనును, అందులో ఆనాటి బంగారం ధరను. ఆ గురువారం పొద్దున ఆదినారాయణ కూడా వరండాలో కుర్చీ వేసుకుని, కాఫీ చల్లారబెట్టుకుంటూ, ధర చూసుకుంటూ, మనసులో ఒక పథకానికి మెరుగు పెట్టుకుంటున్నాడు.

తెల్లవారితే కొత్త షాపు ప్రారంభం. ఇన్నేళ్లూ ఇరుకు సందులో, నిలబడితే తల తగిలే కొట్లో ముక్కుపుడకలు అమ్మిన మనిషి ఇప్పుడు పెద్ద బజారులో అద్దాల తలుపుల షాపు పెడుతున్నాడు. పేరు పార్వతి జ్యువెలర్స్. ఆ పార్వతి ఎవరో కాదు, ఆయన భార్య పార్వతమ్మే. జ్యోతి వెలిగించేదీ ఆమే. ఆమె చేయి మంచిదని, ఆ చేత్తో దీపం వెలిగితే ఇక వ్యాపారానికి తిరుగుండదని ఆదినారాయణకు గట్టి నమ్మకం. అన్నీ కుదిరాయి. అడ్డమొచ్చిందల్లా ఒక బూడిదరంగు పిల్లి.

అది ఎవరూ పెంచుకున్న పిల్లి కాదు. వాళ్ల పెరటి గోడ మీద పెరిగి, ఆ గోడ పక్కనే ఈతకు నాలుగేసి పిల్లల్ని పెడుతూ, పార్వతమ్మ పెట్టే పెరుగన్నం తిని గుండ్రంగా తయారైంది. పనిగట్టుకున్నట్టు ఆదినారాయణ గడప దాటే వేళకే ఎదురొస్తుంది. షాపు రిజిస్ట్రేషనుకు పోయిన రోజూ ఎదురొచ్చింది. ఆఫీసులో సర్వరు పనిచేయలేదు. సర్వరు పనిచేయకపోవడానికి పిల్లి దాకా పోనక్కరలేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. రేపు ప్రారంభానికి బయలుదేరేటప్పుడు కూడా ఎదురొస్తే ఇంకేమన్నా ఉందా!

"దాన్ని ఎత్తుకపోయి యాడన్నా ఇడిసిపెట్టొస్తా" అని లోగడ ఒకసారి అన్నాడు. పార్వతమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చింది. "బూడిదమ్మ మీద చెయ్యి పడిందంటే నీ షాపు గడప తొక్కను. జ్యోతి నువ్వే ఎలిగించుకో" అంది. ఆమె అన్నదంటే అన్నదే. అందుకే ఇప్పుడు పథకం రహస్యం. ఆహ్వాన పత్రికలు పంచే సాకుతో కారులో జమ్మలమడుగు పోవాలి, పిల్లిని పెన్న ఒడ్డున వదలాలి, ఏమీ ఎరగనట్టు తిరిగిరావాలి.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. ఆ వారమంతా పార్వతమ్మ కూడా భర్తకు ఒక సంగతి చెబుతూనే ఉంది.

"ఏమయ్యో, పశువుల డాక్టరమ్మ సాజియా పిల్లులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తాండాది. మన బూడిదమ్మకు గూడా బేస్తవారం తెల్లారుజామునే చేపిస్తాండా" అంది ఒకరోజు. ఆదినారాయణ ఫోనులోంచి తల ఎత్తకుండా "ఊ" అన్నాడు. మర్నాడు, "చెవి కొన రవ్వంత కత్తిరిస్తారంట, ఆపరేషన్ అయిందనే గుర్తుకు. యాడ పట్టినారో మళ్లా ఆడే ఇడుస్తారంట" అంది. "ఊ" అన్నాడు. ఆ మర్నాడు, "మత్తు దిగేదాంక గంపలో పండబెట్టల్ల, ఎవురూ కదిలీగూడదు" అంది. ఆ క్షణాన ధర కొంచెం పెరిగింది కాబోలు, ఈసారి "ఊ" కాస్త హుషారుగా వచ్చింది.

కాఫీ అయింది. పత్రికల పెట్టె ఎత్తుకుని పెరటి వాకిలి గుండా కారు దగ్గరికి పోతున్న ఆదినారాయణకు అరుగు మీద ఒక గంప కనిపించింది. అందులో తువ్వాలు పరుచుకుని బూడిదమ్మ హాయిగా పడుకుని ఉంది. దాన్ని ఆస్పత్రి నుంచి అప్పుడే తెచ్చి దించిన ఆటో నాసిర్‌కు పార్వతమ్మ లోపల టీ పోస్తోంది. ఇదేదీ తెలియని ఆదినారాయణకు దేవుడే పిల్లిని మూటగట్టి ఇచ్చాడనిపించింది. గంపకు మూత పెట్టి వెనక సీటులో పెట్టాడు. లేచి దూకకుండా మూత మీద పత్రికల పెట్టె పెట్టాడు. బండి కదిలించాడు.

జమ్మలమడుగు దాకా ఒక్క మ్యావ్ వినపడలేదు. "ఎంత బుద్ధిమంతురాలు!" అనుకున్నాడు. పెన్న ఒడ్డున బండి ఆపి మూత తీశాడు. పిల్లి కళ్లు సగం తెరుచుకుని ఉన్నాయి, చూపు లేదు. నాలుక బయటికి వచ్చింది. ఎడమ చెవి కొన లేదు. ఆదినారాయణ ఒక ఆహ్వాన పత్రిక తీసి దాని మూతి దగ్గర మెల్లగా పొడిచాడు. పార్వతి జ్యువెలర్స్ వారి సాదర ఆహ్వానానికి పిల్లి స్పందించలేదు.

"అయ్యో, అయ్యో" అంటూ ఇసకలో కూలబడి, పులివెందులలో ఉన్న బామ్మర్ది నాగేంద్రకు ఫోన్ చేశాడు.

"నాగేంద్రా! పిల్లి సచ్చిపాయరా!"

"ఏ పిల్లి బావా?"

"మీ యక్క పిల్లి. నేనే సంపినా. పత్రికల పెట్టె పైన పెడితే ఊపిరాడక పాయ. పెట్టె అంచు తగిలి చెవి గూడా తెగిందిరా!"

నాగేంద్ర గొంతు తగ్గించి అన్నాడు. "బావా, పిల్లిని సంపడమంటే మామూలు పాపం గాదు. బంగారు పిల్లిని చేపించి దానమియ్యల్ల. పెద్దోళ్లు ఊరికే చెప్పల్యా."

"ఎంత పిల్లి?"

"సచ్చిన పిల్లి ఎంత బరువుంటే అంత."

ఆదినారాయణ గంప వైపు చూశాడు. "మీ యక్క దీన్ని పందిని మేపినట్ల మేపిందిరా!" అని బావురుమన్నాడు. కాస్త తేరుకుని, "వెండిది చేస్తే?" అన్నాడు.

"నువ్వు చేసింది వెండి పాపమా?"

"పోనీ, బంగారు పూత?"

"దేవునికి గూడా కవరింగేనా బావా? ఉండు, నేను పురోహితుణ్ని అడిగి, ఆయన్ను తోడుకొనే వస్తా. నువ్వు దాన్ని పూడ్సాకు. ఎవురికీ చెప్పను, మా యక్క మీద ఒట్టు."

నాగేంద్ర ఒట్టు తన పద్ధతిలో నిలబెట్టుకున్నాడు. చెప్పిన ప్రతివాడితోనూ ముందు "ఎవురికీ చెప్పాకు" అన్నాకే చెప్పాడు. పురోహితుడు మాత్రం దయగలవాడు. బరువు ముఖ్యం కాదు, బొటనవేలంత పిల్లి చాలు, మనసు ముఖ్యం అన్నాడని కాసేపటికి నాగేంద్రే మళ్లీ ఫోన్ చేసి చెప్పాడు. ఆదినారాయణ కళ్లు తుడుచుకున్నాడు. రేపటి పూజకని కారులో పెట్టిన కొత్త పట్టుగుడ్డను, చూడలేక కళ్లు మూసుకుని, గంపలో పిల్లికి కప్పాడు. ఈసారి మూత పెట్టలేదు. దారంతా అద్దంలో వెనక్కి చూసి "నన్ను మన్నించు తల్లీ" అంటూనే ప్రొద్దుటూరు చేరాడు.

గంపను పాత కొట్లో ఒక మూల దించాడు. ఇప్పటికిప్పుడు పిల్లిని పోత పోయించే వ్యవధి లేదు. సింహరాశి వాళ్ల కోసం చేయించిన సింహం లాకెట్టు ఒకటి ఉంది. ఆకురాయి తీసుకుని తలుపు వేసుకుని కూర్చున్నాడు. జూలు అరగదీస్తే సింహం పిల్లయింది. మొహంలో కొంచెం పొగరు మిగిలింది గానీ, పిల్లికి మాత్రం పొగరుండదా? రాలిన పొడిని కాగితంలోకి ఎత్తి మడిచి పెట్టుకున్నాడు. పాపం పాపమే, పొడి పొడే.

ఆయన తలుపు తీసేసరికి సందంతా జనం.

"పిల్లికి బిచ్చం పెట్టని ఆదినారాయణ బంగారు పిల్లిని దానమిస్తాండంట!" అంటున్నాడొకడు.

"ఉత్తపున్యానికి ఇస్తాడా? రేపు షాపు తెరుస్తాండాడు. ఏందో మర్మముండాది" అన్నాడు ఎదురు కొట్టాయన. ఆయన అప్పటికే కంసాలి దగ్గర రెండు బంగారు పిల్లులకు ఆర్డరిచ్చి వచ్చాడు.

"బంగారు పిల్లి వస్తాదని బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినాడప్పా" అన్నాడు దువ్వూరు రైతు చిన్నసుబ్బయ్య. అని, ముందుకొచ్చి గొంతు తగ్గించాడు. "మామా, నా ట్రాక్టరు కింద ఒగటి పడింది. పోయినేడు శెనగ దిగుబడి అందుకే పోయింది. నాకొకటి చెయ్యి."

ఒక ముసలావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ వచ్చింది. "కండ్లు తెరవని కూనల్ని సంచిలో ఏసి కాలవ గట్టున ఇడిసొచ్చినా నాయనా. తల్లి పిల్లి నా ఇంటి సుట్టూ తిరిగి తిరిగి అరిసింది. ఆ అరుపు ఇంగా నా చెవుల్లోనే ఉండాది." దానికి ఎవరూ నవ్వలేదు. ఆదినారాయణ మూలనున్న గంప వైపు చూసి తల దించుకున్నాడు.

తెల్లబట్టల వార్డు నాయకుడు అందర్నీ తోసుకుని వచ్చి చెవిలో అడిగాడు. "నేనైతే పిల్లిని సంపల్యాప్పా. వేరేటివి ఉండాయి. కొంచెం పెద్ద పిల్లి చేపిస్తే వాటికి గూడా సరిపోతాదా?"

ఇంకా ఎన్ని సింహం లాకెట్లు మిగిలాయో ఆదినారాయణ మనసులో లెక్క వేసుకున్నాడు. వేసుకుని సిగ్గుపడ్డాడు.

అంతలో నాగేంద్ర పురోహితుణ్ని వెంటబెట్టుకుని దిగాడు. పీట వేశారు. తమలపాకు మీద పిల్లిని పెట్టారు. పురోహితుడు చెంబు అందుకుని, "ఏ పాపానికి ఈ దానమో గట్టిగా చెప్పండి" అన్నాడు.

"మెల్లగా చెప్తే కుదర్దా సామీ? దేవునికి ఎట్లయినా ఇనపడతాది గదా?"

"దేవుడికి వినపడుతుంది. పుచ్చుకునే నాకు వినపడొద్దూ?"

అప్పుడే జనం పాయలుగా విడిపోయారు. ముందు పార్వతమ్మ, వెనక డాక్టర్ సాజియా. ఊరంతా వెదికినట్టుంది, పార్వతమ్మ జుట్టు రేగిపోయి ఉంది, కళ్లు ఎర్రబడ్డాయి. భర్తను చూసి ఒక్కటే అడిగింది.

"ఏమయ్యో, గంప యాడ?"

అబద్ధం చెప్పడానికి బజారులో ఆదినారాయణను మించినవాడు లేడు. పాత నగను చూసి మొహం చిట్లించడంలో ఆయనకు పేరుంది. కానీ ఆ కళ్లు చూశాక నోరు తిరగలేదు. "నేనే, పార్వతీ" అన్నాడు. "జమ్మలమడుగులో ఇడిసిపెడదామని ఎత్తుకపోయినా. సంపల్లని గాదు, నీ మీద ఒట్టు. పెట్టె బరువుకు సచ్చిపాయ. రేపు నువ్వు షాపుకు రాకున్నా సరే, జ్యోతి ఎలిగియ్యకున్నా సరే. నాతో మాట్లాడకుండా మాత్రం ఉండాకు, తిట్టు" అని ఏడుస్తూనే నీళ్లు వదిలి బంగారు పిల్లిని పురోహితుడి చేతిలో పెట్టాడు. పురోహితుడు దాన్ని బొడ్లో దోపుకున్నాడు.

మూలనున్న గంప కదిలింది.

పట్టుగుడ్డ పైట వేసుకుని బూడిదమ్మ బయటికి వచ్చింది. తాగినవాడిలా నాలుగడుగులు తూలింది. ఆదినారాయణకూ పురోహితుడికీ నడుమ అడ్డంగా నడిచి, వార్డు నాయకుడి తెల్ల చెప్పు మీద శుభ్రంగా కక్కుకుంది.

"బతికింది! దానమియ్యంగానే సచ్చిన పిల్లి లేసింది!" అని చిన్నసుబ్బయ్య చెంపలు వేసుకున్నాడు. జనమంతా చెంపలు వేసుకున్నారు.

"అది సచ్చింటే గదా లేసేకి! ఆపరేషన్ మత్తు దిగతాంది, అంతే. ముట్టుకోవాకండి" అని సాజియా గొంతు చించుకుంది. జనం "ఊ" అన్నారు.

పార్వతమ్మ పిల్లిని తువ్వాలుతో మెల్లగా గంపలోకి చేర్చి, భర్త వైపు తిరిగింది. "వారం పొద్దు చెప్పినా. ఆపరేషనంటి, ఊ అంటివి. చెవి కత్తిరిస్తారంటి, ఊ అంటివి. కదిలియ్యాకంటి, ఊ అంటివి!"

"ధర సూస్తాంటినే" అన్నాడు ఆదినారాయణ. ప్రాణం లేచి వచ్చినట్టయింది ఆయనకు. దాంతోపాటే వ్యాపారమూ గుర్తొచ్చి పురోహితుడి బొడ్డు వైపు చూశాడు. "సామీ, పిల్లి బతికింది గదా, మరి ఆ..."

"ఇచ్చిన దానం వెనక్కి అడిగినవాడు పిల్లై పుడతాడు" అన్నాడు పురోహితుడు.

"సరే సామీ, మీరే చెప్పండి" అని పార్వతమ్మ నడుం మీద చేయి వేసుకుంది. "సంపినోళ్లు బంగారు పిల్లినిస్తే పాపం పోతాదే, బతికుండే పిల్లికి ఆపరేషన్ చేపించి, కడుపుకింత పెట్టి, దాని జాగాలో దాన్ని ఉండనిస్తే పోదా?" పురోహితుడు ఆమె మొహం చూశాడు, ఇంకా దగ్గర్లోనే ఉన్న జనాన్ని చూశాడు, బొడ్డు తడుముకున్నాడు. "రెండూ సమానమే" అని తీర్పు చెప్పాడు.

సాజియా అందుకుంది. "ఒగదాన్ని తీసకపోయి పక్కూర్లో ఇడిస్తే ఆ జాగాలోకి ఇంగొకటి వస్తాది. ఇట్ల చేస్తే కూనలు పుట్టవు, రేత్రిళ్లు కొట్లాటలుండవు. కూనల్ని కాలవ గట్టున ఇడిసే పని గూడా ఉండదు." ముసలావిడ ఈసారి కొంగు తీసి తల ఊపింది.

"పిల్లులకు ఫ్యామిలీ ప్లానింగా!" అన్నాడు నాయకుడు చెప్పు తుడుచుకుంటూ. కానీ బంగారం పెట్టకుండానే పాపం పోయే మార్గం తెలిశాక ప్రొద్దుటూరులో ఎవరు నిలబడతారు? చూస్తుండగానే సందు ఖాళీ అయింది. చీకటి పడకముందే ఊళ్లో పిల్లులకు కరువొచ్చింది. కొందరు జమ్మలమడుగు దాకా పోయి అక్కడి పిల్లుల్ని పట్టబోతే, మా పాపాలకు మేమేం చేసుకోవాలని ఆ ఊరివాళ్లు తరిమికొట్టారు.

ఆర్డర్లన్నీ అలా గోడ దూకి పోతుంటే ఆదినారాయణ నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాడు.

"రేపు జ్యోతి ఎలిగిస్తా" అంది పార్వతమ్మ. "కానీ దినామూ కొత్త షాపు మెట్ల పక్కన పెరుగన్నం, నీళ్లు పెట్టేది నువ్వే."

"ఊ" అన్నాడు. ఆమె చూసింది. ఆదినారాయణ ఫోను జేబులో పెట్టేసి, "ఇంటాండా. మళ్లా చెప్పు" అన్నాడు.

శుక్రవారం పొద్దున ఇద్దరూ గడప దాటేసరికి చెవి కొన లేని బూడిదమ్మ ఎదురొచ్చింది. ఆదినారాయణ ఆగి, దానికి దారి ఇచ్చి, తర్వాత కదిలాడు. షాపులో పార్వతమ్మ జ్యోతి వెలిగించింది. అద్దాల తలుపు తెరుచుకుంది. బోణీ ఎవరిదా అని ఆదినారాయణ ఆశగా చూశాడు. మొదట వచ్చింది పురోహితుడు.

"దీన్ని పెట్టుకుని నేనేం చేసుకుంటాను నాయనా, తూకం వేసి తీసుకో" అని బొడ్లోంచి బంగారు పిల్లిని తీసి గల్లా మీద పెట్టాడు. ఆదినారాయణ దాన్ని త్రాసులో వేశాడు. మొహం చిట్లించాడు. అలవాటు కొద్దీ తరుగు తీయడానికి నోరు తెరిచాడు.

వెనక పార్వతమ్మ చిన్నగా దగ్గింది. ఈసారి ఆదినారాయణకు వినపడింది.