ఎడమ నుంచి నాలుగో క్యారెట్

భానుడు మొయినాబాద్ ఇంజనీరింగు కళాశాలల గాజుగోడలపై కిరణశరపరంపరను కురిపించుచుండగా, మెహదీపట్నం బస్సులు సింహనాదములతో రహదారిని కంపింపజేయుచుండగా, ఫామ్‌హౌసుల ప్రాకారముల వెనుక జాతికుక్కలు దిక్కులు పిక్కటిల్ల మొరుగుచుండగా, ఒకానొక ఆదివారము పదకొండు గంటల శుభవేళ, చేవెళ్ల కూరగాయల మార్కెట్టున ముప్పై ఏళ్లు తక్కెడ పట్టిన ధీరురాలు సాలమ్మ, తన మరిది ఎల్లేశ్ ఇంట, టీవీ ఎదుట, ప్లాస్టిక్ కుర్చీని సింహాసనముగా అధిష్ఠించెను.

ఏల అందురా? పందొమ్మిది వందల తొంభై ఏడున, ప్రతి పాటకు ఒక పిచ్చియు, ప్రతి పిచ్చికి ఒక వీడియోయు పుట్టుచుండిన ఆ మహాయుగమున, పట్నము నుంచి ఒక గాయకుడు మొయినాబాద్ తోటకు విచ్చేసి, తన ప్రేమగీతమునకు ఎనిమిది క్యారెట్లు నర్తింపవలెనని ఆజ్ఞాపించెను. వెంట వచ్చిన నర్తకులు ఆ వేషము చూచినంతనే పరారైరి. అంతట కూలి అడ్డా మీద నిలిచియున్న అన్నదమ్ములు జగదీశ్, ఎల్లేశ్ మరి ఆరుగురితో కలిసి ఆ నారింజరంగు కవచములలో దూరిరి. ఆ సాయంత్రము జగదీశ్ ఇంటికి వచ్చి భార్య సాలమ్మతో, "ఎడమ దిక్కు సంది నాలుగో క్యారెట్ నేనే" అనెను. ఆమె పకపక నవ్వెను. నమ్మలేదు. టీవీలో ఆ పాట వచ్చినప్పుడెల్ల కరెంటు పోయెను. కొన్నాళ్లకు పాటయే పోయెను. ఇరవై ఎనిమిదేండ్లు ఆయన చెప్పుచునే యుండెను, ఆమె నవ్వుచునే యుండెను. మొన్న మాఘమాసమున ఆయన పోయెను. నవ్వు ఆమె దగ్గర మిగిలిపోయెను.

ఇప్పుడా పాట దొరికెను. ఎల్లేశ్ కూతురు వెన్నెల, తొంభైల నాటి వింత వీడియోల మహారాశిని ఫోనులో తవ్వి తవ్వి, దానిని వెలికితీసి పెద్దమ్మకు కబురంపెను.

"వదినా, ఉన్నమాట జెప్తున్న," అని మీసము దువ్వుచు ఎల్లేశ్ గర్జించెను. "నాలుగోది నేను. అన్న గా కొసకు, ఎనిమిదోడు. అన్నకు డాన్సేడొచ్చు? తన పెండ్లిల గూడ కూసుండే ఊగిండు."

"నీకు మీసం రాకముందు సంది నిన్ను జూస్తున్న ఎల్లేశా. జర నోరు మూస్కొని కూసో. పాటనే జెప్తది," అని సాలమ్మ మేఘగంభీరముగా పలికెను.

వెన్నెల బటను నొక్కెను. తక్షణమే శత్రుపక్షము నుంచి సబ్బుపొడి ప్రకటన దూసుకొని వచ్చెను. వెన్నెల ఐదు క్షణములు ఓర్చి, ఒక్క వ్రేలిపోటుతో దానిని నేలగూల్చెను. వెంటనే తెర నడుమ ఒక చక్రము ప్రత్యక్షమై, తిరిగి, తిరిగి, తిరుగుటయే తన జన్మకు పరమార్థమన్నట్లు తిరిగెను.

"ఏందే ఇది? గిర్నీల పిండి వడుతున్నదా?"

"నెట్ స్లో ఉన్నది పెద్దమ్మా. బాపూ, నువ్వు గా ఫోన్ల క్రికెట్ బంద్ చెయ్!"

ఎల్లేశ్ నిట్టూర్చి, అపూర్వ త్యాగబుద్ధితో క్రికెట్టును విసర్జించెను. చక్రము మాయమయ్యెను. పాట మొదలయ్యెను.

ఆహా, ఏమని వర్ణింతును! వెండికోటు ధరించిన గాయకుడు ట్రాక్టరు ట్రాలీలో, ట్రాలీ మీది స్నానపు తొట్టిలో నిలిచి, చేతనున్న ఉల్లిగడ్డతో తన విరహమును మొరపెట్టుకొనుచుండెను. నల్లకళ్లద్దములు ధరించిన బర్రె ఒకటి నిర్వికారముగా నెమరువేయుచుండెను. మహాకాయమైన క్యాబేజీ రేకులు విప్పుకొనగా అందులో నుంచి నాయిక తుమ్ముచు ఉద్భవించెను. పొగ కమ్మెను. ఆ పొగను చీల్చుకొని, నెత్తిన ఆకుపచ్చ కుచ్చులతో, ఎనిమిది క్యారెట్లు వరుసదీరి వచ్చెను! ఎనిమిది ముఖములకును ఒక్కటే నారింజ పూత.

"గదే! నాలుగోడు! గా నడుము జూడు, నాదే!"

"బాపూ, నీకు నడుమెక్కడిది?"

ఒకసారి చూచిరి. రెండుసార్లు చూచిరి. పూత పూతగానే యుండెను. సాలమ్మ కన్నులు మండెను, చేతులు కుర్చీ పిడులను బిగబట్టెను. ఇన్నేండ్ల మాట నిజమో, బొంకో, ఈ పూట తేలనిచో ఇక తేల్చువారు లేరు.

మూడవసారి ఆమె ముఖములను విడిచి కాళ్లను చూచెను. క్యారెట్లు ముందుకు ఉరుకుచోట అడ్డముగా ఒక కొత్తిమీర మడి, అప్పుడే మొలకెత్తినది, పచ్చగా యుండెను. ఏడు క్యారెట్లు ఏనుగులవలె దాని మీదుగనే పోయెను. ఐదవదైతే నట్టనడుమ జారి కూలబడెను. నాలుగవది మాత్రము మడి అంచున ఒక్క లిప్త ఆగి, ఎడమచేత్తో తన తొడ ప్రక్కన లేని లుంగీని చిటికెడు పట్టి, పైకెత్తి, మొలక తగులకుండ అవతలికి దాటెను. తాళము తప్పెను. పరుగున పోయి మరల వరుసలో కలిసెను.

"ఆపు," అనెను సాలమ్మ.

వెన్నెల ఆపెను. తెర మీద ఒక క్యారెట్ గాలిలో నిలిచెను.

"ఎల్లేశా, మొల్క తొక్కితే మీ అన్న ఏం జేస్తుండె?"

ఎల్లేశ్ తెర దగ్గరకు జరిగెను. "కొడుతుండె వదినా. నన్నైతే మస్తు కొట్టిండు." పిమ్మట వీపు తడుముకొనెను. "గా దినం గూడ తోటమాలి ఉరికొచ్చి నా యీపుల గుద్దిండు. మడిల వడ్డవని. ఇప్పుడు యాదికొచ్చింది. గా ఐదోడు... నేనే."

సాలమ్మ నవ్వెను. కడుపు పట్టుకొని, కుర్చీ కిర్రుమన, కన్నీరు కారగా నవ్వెను. "క్యారెట్ ఏషమేసి గూడ లుంగీ ఎత్తిండే! ఓ వెన్నెలా, ఎత్తిండే!"

వినుడు చేవెళ్ల జనులారా, వినుడు మొయినాబాద్ పౌరులారా! ఆనాడు ఆ వీడియో క్రింద, లోకులు వ్రాసిన మూడు వందల వెక్కిరింపుల నడుమ, సాలమ్మ చెప్పగా వెన్నెల వ్రేళ్లు ఒక జయశాసనమును చెక్కెను: "ఎడమ నుంచి నాలుగో క్యారెట్ పేరు జగదీశ్. ఊరు చేవెళ్ల." దిగ్విజయముగా దానికి ఒక లైకు వచ్చెను. అది ఐదో క్యారెట్‌ది.