బుజ్జి పెరగడానికి అనుమతి

మనిషి ఎదుగుదలను ప్రకృతి చూసుకుంటుందన్నది టీవీలు లేని రోజుల నాటి మూఢనమ్మకం. ఇప్పుడా బాధ్యత సీరియళ్ల వయోనియంత్రణ విభాగానిది.

బుజ్జి ఏడేళ్లప్పుడు ఒక సీరియల్లో తప్పిపోయిన పిల్లాడి వేషం వేశాడు. ముందు ఎడమకంట ఒక్క బొట్టు, ఆ తర్వాత కింది పెదవి వణుకు. ఆ ఏడుపుకు జనం కరిగిపోయారు. అమ్మ దొరికితే సీరియల్ అయిపోతుంది గనక బుజ్జి వెతుకుతూనే ఉండాలనీ, వెతికేవాడు పెరగకూడదనీ విభాగం తీర్మానించింది. (అమ్మ కూడా గోడ అవతలి సెట్లో వెతుకుతూనే ఉండేది. భోజనాల దగ్గర మాత్రం ఇద్దరూ పక్కపక్కనే కూర్చునేవారు.)

బుజ్జి ఒళ్లు ఈ తీర్మానాన్ని ఖాతరు చేయలేదు. గొంతు బొంగురుపోయింది. విభాగం ఒక చిన్నపిల్లతో డబ్బింగ్ చెప్పించింది. బుజ్జి పొడుగయ్యేకొద్దీ సెట్లో తలుపులూ, కుర్చీలూ, కంచాలూ పెంచుకుంటూ పోయింది. తోటి నటులు పీటలెక్కి నటించేవారు. తాతయ్య వేషగాడు పీట మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, కథలో ఆయన్ని విదేశాలకు పంపేశారు. మొత్తానికి లోకమే పెరిగింది గానీ, బుజ్జి పెరగలేదు.

మేకప్ అక్క మాత్రం రోజూ నీళ్లు వెచ్చబెట్టి మరీ అతని గడ్డం గీసేది.

"మీసమొక్కటి ఉంచక్కా, ఈ ఒక్కరోజుకీ."

"ఉంచితే నా ఉద్యోగం గొరిగేస్తారురా. కదలకు, తెగుద్ది."

బయట వేషాలకు ప్రయత్నించక కాదు అతను అక్కడే పడి ఉన్నది. పోలీసు వేషం కోసం వెళ్లినా, విలన్ వేషం కోసం వెళ్లినా, "అరే, నువ్వు బుజ్జివి కదూ! ఏదీ, ఒక్కసారి ఏడువు" అనేవారు. పెళ్లిచూపుల్లో అమ్మాయి మేనత్త కూడా అదే కోరింది. ఇక పెద్దవాడు కావాలంటే ఆ సీరియల్లోనే కావాలి, వేరే దారి లేదు. బుజ్జి వయోధికారి దగ్గరికి వెళ్లాడు.

"సార్, నాకు ఇరవై నాలుగేళ్లొచ్చాయి."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"మంచిపని చేశావు. అలాగే ఉంచు."

అయితే కొన్నాళ్లకు చూసేవాళ్లు తగ్గారు. వయోధికారి పెద్దమనసు చేసుకుని, వచ్చే సోమవారం నుంచి బుజ్జి పెద్దవాడు కావచ్చని ప్రకటించాడు. (ఆదివారం ఏడేళ్లు, సోమవారం పాతికేళ్లు. మధ్యలో ప్రకటనలు.) పెద్ద బుజ్జి వేషం మాత్రం, చిన్న బుజ్జి పోలికలున్నవాడికే ఇస్తామన్నాడు.

బుజ్జి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అక్క కత్తి పక్కన పడేసి, మొలిచిన మీసాన్ని చక్కగా దిద్దింది. "పెళ్లికొడుకులా ఉన్నావురా, నా దిష్టే తగిలేట్టుంది" అంది.

ఎంపిక సంఘం వారు బుజ్జి చిన్నప్పటి ఫోటోను అతని చెంప పక్కన పెట్టి, మెడలు వంచి మరీ పరిశీలించారు.

"ముక్కు కలవట్లేదండీ."

"బుజ్జికి మీసం ఎక్కడిది?"

"సార్, ఆ ఫోటోలో ఉన్నది నేనే!"

"అభిమానులంతా ఇదే మాట అంటారు బాబూ" అన్నాడు వయోధికారి, ఏమాత్రం విసుక్కోకుండా.

వేషం, బుగ్గన సొట్ట ఉన్న ఒక కొత్త కుర్రాడికి వెళ్లింది. (ఫోటోలో సొట్ట లేదు. పెద్దయ్యాక పడి ఉంటుందని సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.) అయినా విభాగం పాత మనిషిని మరచిపోలేదు. కొత్తవాడికి ఏడవడం నేర్పే బాధ్యతను బుజ్జికే అప్పగించింది. ఒక్క పూటలో నేర్పేశాడు.

"థాంక్స్ అంకుల్" అన్నాడు కొత్త బుజ్జి.

ఆ మాటకు పాత బుజ్జి ఎడమకంట ఒక్క బొట్టు నిలిచింది. కింది పెదవి వణికింది. ఏ డైరెక్టరూ చెప్పకుండా అలా జరగడం అదే మొదలు. వయోధికారి గబగబా వచ్చి, తన జేబురుమాలుతోనే ఆ కన్ను తుడిచాడు.

"వద్దు బాబూ. ఆ ఏడుపు ఇవాళ్టి నుంచి అతనిది. నువ్వు ఇంటికెళ్లి కుడికంటితో ఏడువు. దానికి మా అభ్యంతరం లేదు."